లాంచీలో నీలం పెట్టె

నా చిన్నప్పటి ఎండాకాలాల్లో ఒకటి మొత్తం ఒక పెట్టె మీది కుళ్లుతోనే గడిచిపోయింది.

అప్పుడు నాకు పదేళ్లు. ఛత్రినాకలో ఒకే వాకిట్లో మా ఇల్లు, మా పెదనాన్నగారి ఇల్లు ఉండేవి. పెదనాన్న దుబాయ్‌లో పనిచేసేవాడు. ఆ ఏడు ఎవరో హైదరాబాద్ వస్తుంటే వాళ్ల చేత ఒక ఐస్ పెట్టె పంపించాడు. నీలం రంగు, తెల్లటి మూత, ఆ మూతకు రెండు పక్కలా టక్కుమని పడే కొక్కేలు. మా గల్లీలో అంతవరకు అలాంటిది ఎవరూ చూడలేదు. పెదనాన్న కూతురు నాకంటే ఏడాది పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. పెట్టె వచ్చిన రోజు నుంచి అక్క దాని మీద కూర్చునే చదువుకునేది, దాని మీద కూర్చునే మామిడి ముక్కలు తినేది. నేను ముట్టుకోబోతే, "చేతులు కడుక్కొని రా పో" అనేది. కడుక్కొని వచ్చేసరికి, "ఇప్పుడు కాదు" అనేది.

ఆ వేసవిలోనే గల్లీవాళ్లమంతా కలిసి నాగార్జునసాగర్ వెళ్లాం. లాంచీ ఒకటి మాట్లాడుకుని, నీళ్ల మధ్యలో ఉన్న కొండ చూసి, తిరుగు ప్రయాణంలో లాంచీలోనే భోజనాలు చేయాలని అనుకున్నారు. అంత ఎండలో తిండి చెడకుండా చూసే పని పక్కింటి చాచా తీసుకున్నాడు. ఆయనది ఐస్ దుకాణం. తన దుకాణంలోని పాత చెక్క పెట్టె ఒకటి తెచ్చాడు. దానికి లోపలంతా రేకు కొట్టి ఉంది. ముందురోజు సాయంత్రమే రెండు పెట్టెల్లోనూ ఐస్ ముక్కలు పోయించాడు. పెట్టె వేడిగా ఉంటే సగం ఐసు దాన్ని చల్లబరచడానికే కరిగిపోతుందట. పొద్దున ఆ నీళ్లు పారబోసి, పగలగొట్టని పెద్ద గడ్డలు అడుగున పెట్టాడు. సందు లేకుండా సీసాలు, గిన్నెలు ఇరికించి, పైన తడిపిన గోనెసంచులు కప్పాడు.

"నీళ్లు, సోడాలు చెక్క పెట్టెల పెట్టిన. అది మాటిమాటికి తెరుస్తరు. పాలు, పెరుగన్నం నీలం పెట్టెల ఉన్నయ్. తినేదాంక దాని మూత ముట్టొద్దు," అని అందరికీ చెప్పాడు. తర్వాత నీలం పెట్టెను అరచేత్తో తట్టి, "అసల్ మాల్ ఇది," అన్నాడు. అసలు సరుకు అదేనన్న ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

పాలు అక్క చంటి చెల్లెలి కోసం. పాపకు ఏడాది నిండింది, పాలు తప్ప ఇంకేదీ సరిగా తినేది కాదు. నీలం పెట్టెకు అక్క కాపలా, చెక్క పెట్టెకు నేను.

లాంచీ కదిలాక అక్క పెట్టె మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, "మా బాపు పంపిండు," అని చెప్తోంది. చాచా చూడనప్పుడు ఒకరిద్దరికి మూత తీసి చూపించింది కూడా. నా చెక్క పెట్టె నుంచి నీళ్లు కారి నా లంగా తడిసింది. నేను మా బాపు భుజానికి ఆనుకుని ఆమెనే చూస్తున్నాను. అవతల కొండలు, నీళ్లు, పక్షులు ఉన్నాయట. నాకేమీ గుర్తు లేవు. ఆ తెల్లటి మూత ఒక్కటే గుర్తుంది.

కొండ దగ్గర అందరూ దిగారు. నేను చెప్పు దొరకలేదని చివరిదాకా ఆగాను. ఎండకు తలమీద వేసుకున్న బాపు ఎర్రగళ్ల తువాలును మడిచి, నీలం పెట్టె మూత కింద దోపాను. మూత బెత్తెడు లేచి నిలబడింది. గోనెసంచి తీసేసి, పెట్టెను ఎండలోకి జరిపి, పరుగెత్తి వాళ్లను కలిశాను.

రెండు మూడు గంటలు తిరిగి వచ్చాం. అందరికంటే ముందు లాంచీ ఎక్కింది చాచా. నేను చూస్తుండగానే మూత కింది తువాలు లాగి చంకలో పెట్టుకున్నాడు.

లాంచీ నీళ్ల మధ్యకు వచ్చాక పాప ఆకలికి ఏడ్చింది. పెద్దమ్మ పెట్టె తెరిచి చూస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి. పెరుగన్నం పులిసి వాసన వస్తోంది. ఒడ్డు ఇంకా గంట దూరం.

"మాటిమాటికి తెరిచి చూపిస్తివి గద! ఇప్పుడేం తాపాలె పిల్లకు?" అని పెద్దమ్మ అక్క వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

దాచుకోవడమెందుకు, ఒక్క క్షణం నాకు సంతోషమే వేసింది. తర్వాత పాప ఏడుపు పెరిగింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతు వినలేకపోయాను.

చాచా చెక్క పెట్టె అడుగు దాకా చెయ్యి పెట్టి, తన చాయ్ కోసం కాచి తెచ్చుకున్న పాల సీసా బయటకు తీశాడు. అది ఇంకా చల్లగానే ఉంది. పాప గుటగుటా తాగి పెద్దమ్మ ఒళ్లోనే నిద్రపోయింది. అందరూ నా చెక్క పెట్టెను మెచ్చుకున్నారు. పొద్దుటి నుంచి నేను కోరుకున్నది అదే. అయినా తల ఎత్తలేకపోయాను.

చాచా వచ్చి తువాలు నా ఒళ్లో పెట్టాడు. "నీదే గద బేటీ? నేనెవ్వరికి చెప్ప. చెప్తే నువ్వే చెప్పాలె," అని, నా తలమీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

చాలాసేపు తువాలు నలుపుతూ కూర్చున్నాను. చివరికి లేచి, లాంచీ చివర ఒంటరిగా ఉన్న అక్క దగ్గరకు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"నాక్కూడ నిన్ను చూస్తే మస్తు మండుతది," అంది నీళ్లకేసే చూస్తూ.

"నన్ను చూస్తేనా? నా దగ్గరేముంది?"

"పొద్దుగాలసంది మీ బాపు భుజం మీదనే ఉన్నవ్. మా బాపు పెట్టె పంపిండు, తను రాలే. చెల్లె మొఖం ఇంకా చూడనే లేదు."

పెద్దమ్మ దగ్గరకు వెళ్లి తప్పు నాదని చెప్పాను. తిట్లు తిన్నాను. మా బాపు తిట్టలేదు కానీ ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు, అదే ఎక్కువ నొప్పించింది.

ఆ రోజుతో నాలో అసూయ చచ్చిపోయిందని చెబితే అబద్ధం. ఈ వయసులోనూ వస్తుంది. ఒకరి కొత్త ఇల్లు చూసినా, ఒకరి మోకాళ్లు నొప్పి లేకుండా మెట్లెక్కుతున్నా వస్తుంది. వచ్చినప్పుడు ఆ మనిషి పక్కకే వెళ్లి కూర్చుంటాను. ఇది నీకెట్లా వచ్చిందమ్మా అని అడుగుతాను. వాళ్లు చెప్పేది చివరిదాకా వినకుండా లేవను.