అక్క చెడగొట్టిన బుటా

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క నేస్తూ నేస్తూనే మాకు ఇంగ్లీషు చెప్పేది. ఉప్పాడలో మాది నేతగాళ్ళ వీధి. మా ఊరి జాందానీ చీర ఒక్కరు నేసేది కాదు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి వైపు పువ్వు వాళ్ళు వేసుకుంటూ ఒక్క తీరున రావాలి. అక్క, వాళ్ళమ్మ అలా కూర్చునేవాళ్ళు. ఎదురుగా చాప మీద మేం నలుగురైదుగురు పిల్లలం. అక్క కాకినాడలో డిగ్రీ చదివింది. చూపు నేత మీదే ఉంచి "లుక్" అనేది. దాని వెనక మేం ఒక్కొక్కరం ఒక మాట తగిలించాలి. లుక్ ఎట్ అంటే చూడడం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. అర్థం చెబితే చాలదు. మన ఇంట్లో జరిగే సంగతితో ఒక వాక్యం కూడా చెప్పాలి.

నేను తప్పు చెప్పడం చాలా అరుదు. అక్క "ఊఁ, కరెక్ట్" అనేది. ఆమె చేతులు మాత్రం ఆగేవి కావు.

నేను ఏడో తరగతిలో ఉండగా జాలరిపేట నుంచి ఒకడు వచ్చి చేరాడు. అంతకుముందు వర్షాకాలంలోనే వాళ్ళ ఇల్లు సముద్రం కోతకి పోయింది. వచ్చిన మొదటి వారంలో అక్క వాణ్ణి లుక్ ఫర్ అడిగింది. వాడు తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాడు, "మా అమ్మ ఇసకలో మా గుమ్మం కోసం వెతుకుతోంది" అని. అక్క చేతులు ఆగిపోయాయి. తలెత్తి వాడి వైపు చూసింది. వాళ్ళమ్మ "కానియ్యవే, పొద్దుపోతోంది" అనేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ తర్వాత నేను చదివిందంతా అక్క చేతులు ఒక్కసారి ఆపించడానికే. డిక్షనరీ వెతికి ఎవరికీ తెలియని మాటలు పట్టుకొచ్చేవాణ్ణి. "బావుందిరా" అనేది, కండె దారం లాగుతూనే. వాడేమో పుట్ ఔట్ అంటే, ఒడ్డు కనపడ్డాకే వాళ్ళ నాన్న లాంతరు ఆర్పుతాడని చెప్పేవాడు. అక్క చేతులు మళ్ళీ ఆగేవి. వాడి చిరిగిన చొక్కా మీద కూడా నాకు అసూయగా ఉండేది. అది కుట్టి ఇచ్చింది అక్కే మరి.

సంక్రాంతి వెళ్ళాక కాకినాడలో ఒక హాస్టల్ స్కూలువాళ్ళు ఇంగ్లీషు పోటీ పెట్టారు. ఇద్దరిద్దరు జంటగా రావాలి. ఒకరు అర్థం చెబితే, రెండోవారు వాక్యం చెప్పాలి. గెలిచిన ఇద్దరికీ అక్కడే చదువు, భోజనం, పడక. అక్క మా ఇద్దర్నీ ఎంచింది. నేను గెలవకపోయినా మా నాన్న నన్ను పిఠాపురం పంపి చదివించేవాడే. వాడికి ఆ దారి లేదు. "గెలవకపోతే వేసవిలో పడవెక్కమన్నాడు మా నాన్న" అని వాడే నాతో చెప్పాడు.

పోటీ దగ్గర పడుతుండగా వాళ్ళ నాన్నకి జ్వరం వచ్చింది. వల లాగడానికి మనిషి చాలక వాడు వారం రోజులు రాలేదు. తిరిగొచ్చాక, తప్పిపోయిన పాఠం, టేక్‌తో వచ్చే మాటలన్నీ, వాడికి నేర్పమని అక్క నాకు అప్పగించింది. ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాం. వాడు ఉడికించిన తేగలు తెచ్చి, విరిచి, లావుపాటి ముక్క నాకిచ్చాడు. అది నములుతూనే నేను వాడికి తప్పులు నేర్పాను. టేక్ ఆఫ్టర్ అంటే పోలిక రావడం. నేనేమో వెంటపడి పట్టుకోవడం అని చెప్పాను. మిగతావీ తారుమారు చేశాను. వాడు కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ అన్నీ బట్టీపట్టాడు. వాడు ఓడితే నేనూ ఓడతానని నాకు తెలుసు. కానీ గెలిస్తే అక్క ముందు ఎవరి వైపు చూస్తుందో కూడా తెలుసు.

పోటీలో చివరి రెండు జంటల్లో మాదొకటి. ప్రశ్నలడిగే పెద్దాయన "టేక్ ఆఫ్టర్" అన్నారు. వాడు ఏమాత్రం తడుముకోకుండా నేను నేర్పిన అర్థమే చెప్పాడు. నా వంతు వచ్చింది. నాకు మా తాతయ్య పోలిక వచ్చిందని వాక్యం చెప్పాను. పెద్దాయన నవ్వి, "మీ ఇద్దరికీ కుదరలేదే. ఎవరిది కరెక్టు బాబూ?" అని అడిగారు.

"నాదండీ" అన్నాను.

వాడు నా వైపు తిరిగి చూశాడు. వాడికి అప్పుడే అర్థమైంది. ఆ మార్కు పోయింది, దాంతో పోటీ పోయింది.

తిరుగు బస్సులో అక్క వాణ్ణి అడిగింది. "ఎవరు చెప్పార్రా నీకు అలాగని?"

"ఎవరూ కాదక్కా. నేనే మర్చిపోయాను."

అక్క నన్నేమీ అడగలేదు. మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ వంటకి లేచినప్పుడు, "రారా, కాసేపు ఇటు కూర్చో" అని నన్ను ఆవిడ చోట్లో కూర్చోబెట్టింది. నేతగాళ్ళ పిల్లాణ్ణి, చిన్న బుటా పువ్వు వేయడం నాకు వచ్చు. ఎన్నాళ్ళకో అక్క పక్కన చోటు దొరికిందని ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేశాను. సగం అయ్యాక చూస్తే అక్క వైపు పువ్వు పక్కకి ఒరిగిపోతోంది. చెబితే వినిపించుకోలేదు. అలాగే వేసుకుంటూ పోయింది. ఇంతలో వాళ్ళమ్మ వచ్చింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! బంగారంలాంటి చీర పాడుచేశావు కదరా! నిన్నెవడు కూర్చోమన్నాడు?"

నేను అక్క వైపు చూశాను. ఆమె తల వంచుకుని కూర్చుంది. నేను సరిగ్గానే వేశానని చెప్పబోయాను. వాళ్ళమ్మ ఇంకా నాలుగు తిట్టింది. ఏడుపు ముంచుకొచ్చేసరికి అక్క తలెత్తింది.

"వాడిది సరిగ్గానే ఉందమ్మా. నా వైపు నేనే తప్పు వేశాను. తెలిసే వేశాను."

అక్క ఆ మాట అన్నంత తేలికగానే, వేసిన పువ్వు దారం దారం విప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి, నా వైపు చూడకుండానే, "ఇంతేరా, చెప్పేస్తే అయిపోతుంది" అంది.

రేపు బళ్ళో అందరి ముందూ చెప్పేస్తానని అనుకున్నాను. తెల్లారి వెళ్ళేసరికి పిల్లలు వాడి చుట్టూ మూగి "ఒరేయ్ టేకాఫ్టర్!" అని కేకలేస్తున్నారు. వాడు నేల చూపులు చూస్తున్నాడు. నేను నా బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఆ వేసవిలో వాడు పడవెక్కాడు. నేను పిఠాపురం వెళ్ళాను. అక్క పెళ్ళయి ఊరు వదిలేదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నన్ను మళ్ళీ మగ్గం మీద కూర్చోబెట్టనూ లేదు.

మొన్నీమధ్య మా బడి పాతవాళ్ళం కలిశాం. ఇప్పుడు వాడికి సొంత మరబోటు ఉంది, కూతురు నర్సింగు చదువుతోంది. అయినా వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవడో "ఏరా టేకాఫ్టర్, నీ వల్ల వీడి సీటు పోయిందిరా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నన్ను చూపిస్తూ, పాపం వీడు ఎంత కష్టపడి నేర్పాడో అన్నారు. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

భోజనాల దగ్గర వాడి పక్కన చేరి, "ఒరేయ్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసులే" అన్నాడు వాడు, అన్నం కలుపుకుంటూ. "నాకెందుకు చెప్తావు? వాళ్ళకి చెప్పు."

అంత నెమ్మదిగా అనగలిగినందుకు వాడి మీద నాకు ఆ క్షణంలో మళ్ళీ అసూయ కలిగింది. చిన్నప్పటి అసూయే, ఏమీ అరగలేదు. అక్క ఆ సాయంత్రం నా కళ్ళెదుట చేసి చూపించిన పని నేను నేర్చుకోలేదు. నేర్చుకోలేదన్న బరువు మాత్రం ఇన్నేళ్ళుగా మోస్తూ వచ్చాను. అందుకే మా తరగతివాళ్ళంతా చదువుతారని ఇది రాస్తున్నాను. ఆ రోజు కాకినాడలో వాడు ఏదీ మర్చిపోలేదు. నేను నేర్పింది నేర్పినట్టే చెప్పాడు.