గార్డుగారి ఎడమచేతి క్యాంపెయిన్

2006 నాటికి బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లోని నా దుకాణానికి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ అన్న బోర్డు మిగిలింది గానీ, లోపల ఒక్క టైపు మిషనూ లేదు. నేర్చుకునేవాళ్ళు కరువైతే అమ్మేసి, కంప్యూటర్లు పెట్టి గేమింగ్ పార్లర్ చేశాను. కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపితే దాన్ని లాన్ అంటారు. గదిలో ఉన్న కుర్రాళ్ళంతా ఒకే యుద్ధంలోకి దిగి ఒకరినొకరు కాల్చుకోవచ్చు. అదే మల్టీప్లేయర్. కాలేజీ వదిలితే చాలు, నా చెవులు చిల్లులు పడేవి. "అరుపులు ఆపకపోతే కరెంటు తీసేస్తా" అనడం నాకు ఊతపదమైపోయింది.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం సింహాచలంగారు బోర్డు చూసి లోపలికొచ్చారు. గూడ్సు గార్డు. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. బండి చివర గార్డు ఉండే పెట్టె, బ్రేక్‌వ్యాన్, తలుపులో ఆయన ఎడమచేతి వేళ్ళు మూడు నలిగాయి. ఆపరేషనై కుట్లు మానాయి గానీ, వేళ్ళు మొండికేశాయి.

"టైపు కొడితే వేళ్ళు ఒదులవుతాయని డాక్టరుబాబు సెప్పినాడమ్మా. మిషన్లేవి?"

"అమ్మేశానండీ. టైపు ఎవడిక్కావాలి ఇప్పుడు?"

"దసరా ఎల్లాక మెడికలుంది. అన్‌ఫిట్టంటే లైను మీంచి దింపీసి ఆఫీసులో కుర్సీ ఇస్తారు. ఇన్నాళ్ళు బండితో తిరిగినోణ్ణి, కుర్సీలో కూకుంటే సచ్చిపోతానమ్మా."

జాలేసి, కంప్యూటర్ కీబోర్డు మీదే కొట్టుకోమని కూర్చోబెట్టాను. కాసేపటికే ఆవులింతలు. ఆయన చూపంతా పక్కనున్న కుర్రాళ్ళ మీదే.

"ఓలమ్మో, ఆళ్ళ ఎడంసేతి వేళ్ళు ఎలాగాడతన్నాయో సూడు! నాకూ అదే పెట్టు."

నిజమే. ఆ ఆటల్లో కుడిచేతి మౌస్ గురి చూస్తుంది. మనిషిని నడిపించేది ఎడమచేతి మూడు వేళ్ళే. సరేనని కుర్రాళ్ళ మధ్య దింపితే, అడుగు వేసేలోపే చంపేశారు. ఆట ఆయన్ని మళ్ళీ లేపింది, వీళ్ళు మళ్ళీ చంపారు. రైల్వే కాలనీలో ఉండే కాలేజీ కుర్రాడు చందు, "అరే అంకుల్, భాగో!" అని ఒకటే నవ్వు.

"ఏటమ్మా ఇది? వేలు కదిపీలోపలే ఏసేత్తన్నారు!" అన్నారాయన.

ఆయనకు కావలసింది క్యాంపెయిన్, అంటే ఒక్కరే ఆడే కథ. అందులో శత్రువు కంప్యూటరే. మీరు గోడ చాటున ఎంతసేపు నక్కినా విసుక్కోడు. ఒక మిషన్, అంటే ఆట అప్పగించిన పని, గెలిస్తే ఇంకాస్త కష్టమైన మిషన్ వస్తుంది. ఎక్కడిదాకా వచ్చారో అదే సేవ్ చేసుకుంటుంది. కానీ నా కంప్యూటర్లలో క్యాంపెయిన్ లేదు. హార్డ్ డిస్కులో చోటు చాలక పార్లర్లవాళ్ళం ఆ భాగాన్ని తీసేసేవాళ్ళం. అందరూ కొట్టుకోడానికి వచ్చేవాళ్ళే, కథ ఎవడికి కావాలి? పాత సీడీలు వెతికి, మూలనున్న కంప్యూటర్‌లో ఆట మొత్తం మళ్ళీ ఎక్కించాను.

మొదటి మిషన్‌లో ఒక వంతెన దాటాలి. దాని ముందున్న గోడ దగ్గరే ఆయనకు వారం పట్టింది. ఉంగరం వేలు దించబోతే మధ్యవేలూ తోడు దిగేది. టైపు పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది? "మణికట్టు ఎత్తండి! ఒక్క వేలే!" అని కౌంటర్ నుంచే కేకలేసేదాన్ని. రోజూ వచ్చారు. దసరా దగ్గరపడేసరికి సగం మిషన్లు దాటారు. కానీ ముఖంలో కళ లేదు. "ఎక్కడికక్కడే తన్నుకుంటన్నాను. నా సెయ్యి బాగుపడ్నేదమ్మా" అనేవారు.

ఒకరోజు ఆయన ఆసుపత్రికి వెళ్ళి ఇటు రాలేదు. మర్నాడు కూర్చోగానే చందు వెనక నిలబడి ఇకిలించాడు.

"అంకుల్, సర్‌ప్రైజ్! హమ్‌నే సబ్ పార్ కరా దియా, అన్నీ మేమే దాటించేశాం! లాస్ట్ మిషన్ ఒక్కటే బచా హై."

ఆయన ముఖం పాలిపోయింది. ఆయన ఆడిన పాత సేవ్ మీదే వీళ్ళ ఆట పడింది, ఇక వెనక్కి రాదు.

"నా మందు మీరు తాగీస్తే నా రోగం పోద్దేటి బాబూ?"

"హెల్ప్ చేద్దామని, అంకుల్..." అన్నాడు చందు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ హెల్పు తగలెయ్య! అడిగారా ఆయన?" అని లేచాను.

"తిట్టకమ్మా. ఒకణ్ణొకడు సంపుకోడవే గానీ, ఒకడికోసం ఇంకొకడాడ్డం ఈ గదిలో ఇదే సూడ్డం" అని నిట్టూర్చి, ఆయన కొత్త ఆట నొక్కారు. మళ్ళీ మొదటి మిషన్.

కుర్రాళ్ళు తమ ఆట ఆపేసి చుట్టూ మూగారు. గోడ వచ్చింది. ఆయన పక్కకు జరిగారు, వంగారు, పరుగెత్తారు. మూడు వేళ్ళూ దేనికది కదిలాయి. చూస్తుండగానే వంతెన దాటేశారు. చేతులు కీబోర్డు మీంచి తీసి నావైపు తిరిగారు.

"ఇది ఆ గోడేనా అమ్మా? నన్ను వారం తిప్పలెట్టినదేనా?"

"అదేనండీ బాబూ, అదే!"

ఎడమచేయి ఎత్తి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, తెరిచి చూసుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, దాచడమెందుకు? ఇన్నాళ్ళూ ఆయన బాగుపడుతున్న కొద్దీ ఆటా కష్టమవుతూ వచ్చింది. అందుకే ఉన్నచోటే ఉన్నాననుకున్నారు. పిల్లలు ఆ తప్పు చేయకపోతే ఆయన వెనక్కి వెళ్ళేవారే కాదు, చేయి వచ్చిందని నమ్మేవారూ కాదు.

కొన్నేళ్ళ తర్వాత పార్లర్ తీసేసి కంప్యూటర్ పాఠాలు మొదలుపెట్టాను. నాకేమీ రావట్లేదని ఎవరైనా ఏడిస్తే ఓదార్చను. మొదటి పాఠం తీసి ముందు పెడతాను.

ఆ దసరా వెళ్ళాక మెడికల్‌లో సింహాచలంగారు ఫిట్టయ్యారు. ఆ మాట చెప్పడానికి యూనిఫాంలోనే వచ్చారు. "మరి లాస్ట్ మిషన్, అంకుల్?" అన్నాడు చందు.

"నువ్వాడీ బాబూ. నాకు రాయగఢ్ బండుంది."