అతుకు చెక్కుచెదరలేదు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. తిరుత్తణి నుంచి ఆర్.కె.పేట పోయే దారిలో, వరి పొట్టు కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంటులో నేను వెల్డర్ని. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. అప్పట్నుంచి నా కాపురం ఇనుముతోనే. అది ఎదురు ప్రశ్నలు వెయ్యదని దాని మీద నాకు ప్రేమ.

బాయిలరుకు వెళ్ళే నీళ్ళను బయటికి పోయే పొగ వేడితోనే ముందుగా కాచే గొట్టాల వరసను ఎకనమైజర్ అంటారు. పొట్టు బూడిద గరుకు కాగితం లాంటిది. రాసుకుని రాసుకుని గొట్టాల్ని అరగదీస్తుంది. మా ఎకనమైజర్ ప్లాంటుతో పాటు పుట్టింది. ఆ ఏడాది దానికి నాలుగోసారి చిల్లు పడింది.

దాని కింద బూడిద దిగే గరాటు లాంటి హాపర్ ఉంటుంది. దాని తలుపు తెరిచి బూడిద లాగేది సలోమక్క. యాభై దాటిన మనిషి, నా నోటికి సమానంగా నిలబడే నోరు ఆ ప్లాంటు మొత్తంలో ఆమెదొక్కటే.

ఇంజినీరు నన్ను పిలిచాడు. "వరస మొత్తం మార్చాలంటే ప్లాంటు రోజుల తరబడి ఆపాలప్పా. పైన ఒప్పుకోరు. ఆడికృత్తిక తిరునాళ్ళు అయినాక ఎట్లాగూ షట్‌డౌన్ ఉండాది, అప్పుడు మార్చేద్దాం. నీ చేత్తో ఏస్తే అందాకా ఆగదా?"

నీ చేత్తో అన్నాడు చూడండి, అక్కడ పడిపోయాను.

"నా అతుకు ఊడిందంటే మీసం తీసేస్తా సార్," అన్నాను, హాపర్ దగ్గరున్న సలోమక్కకు కూడా వినబడేట్టు.

చిల్లు మీద లోహం పోసి పూడ్చడాన్ని ప్యాడ్ వెల్డింగ్ అంటారు. ఆ గొట్టానికి మామూలుగా తొంభై ఆంప్స్ పెడతాను. ఆంప్స్ అంటే రాడ్డుకు ఇచ్చే కరెంటు, ఎంత పెంచితే అంత వేడి. తొంభైకి చిల్లు ఇంకా పెద్దదైంది. ఎనభైకి అంచు కరిగి జారింది. అరవైకి దింపి, ఊపిరి బిగబట్టి లాగితే నిలిచింది. గొట్టం అరిగి కాగితమంత పలచనైపోయిందని అంతకన్నా తేటగా ఏ మీటరూ చెప్పదు. నాకు మాత్రం అందులో నా పనితనమే కనబడింది. ఎవరి అతుకు పక్కన వాళ్ళ నంబరు కొట్టాలని రూలు. నా నంబరు నాలుగు, దాన్ని గట్టిగానే కొట్టాను. నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూస్తే చెమ్మ కూడా లేదు.

కింద నుంచి సలోమక్క తలెత్తి చూసింది. "తమ్ముడా, పోయినసారీ ఇట్లే మాసిక ఏసినావు. దీని కింద నిలబడేది నేను. తట్టుకుంటాదా?"

"నీకన్నా ఎక్కువ నాళ్ళే ఉంటాదిలే అక్కా."

"నీ నోట్లో ఈ బూడిదే పొయ్యాల," అంది. ఆమె నవ్వింది, అందరూ నవ్వారు.

పదకొండో రోజు పొద్దున, టీ తాగుతుంటే లారీ టైరు పేలినట్టు చప్పుడు. పరుగెత్తాం. హాపర్ తలుపు తెరిచి ఉంది. కాగే నీళ్ళూ ఆవిరీ నిప్పులాంటి బూడిదతో కలిసి ఆ తలుపులోంచే వచ్చాయి. అంతవరకే రాస్తాను.

తిరువళ్ళూరు ఆస్పత్రిలో సలోమక్కను చూశాను. ముఖం మినహా అంతా కట్లే. నా ముఖంలోకి చూసింది.

"మీసం ఇంకా ఉందే తమ్ముడా," అంది.

నాలుగో రోజు పోయింది.

ఆ గొట్టాన్ని కోసి కిందికి దించారు. నా అతుకు చెక్కుచెదరలేదు. దాని అంచు పక్కనే గొట్టం జానెడు పొడవున చీలిపోయి ఉంది. అతుక్కి బలం ఉంది, అది పట్టుకున్న గొట్టానికి లేదు. "వెల్డ్ బాగుండాది, నీ తప్పేం లేదు," అని ఇంజినీరు భుజం తట్టి రిపోర్టులోనూ అదే రాశాడు. ప్లాంటు ఆపడానికి ఒప్పుకోని పైవాళ్ళు ఇప్పుడు ఒప్పుకున్నారు. కొత్త ఎకనమైజర్ ఆడికృత్తిక కన్నా ముందే వచ్చింది. నా నంబరున్న ముక్క స్టోరు షెడ్డులో ఇంకా ఉంది. నేను అన్నట్టే, సలోమక్క కన్నా ఎక్కువ నాళ్ళే ఉంది.

పందెం ప్రకారం మీసం తియ్యక్కర్లేదు. తీసేశాను.

ఇప్పుడు ఏ పాత గొట్టమైనా సరే, ఆంప్స్ దించుకుంటూ పోవలసి వస్తే రాడ్డు పట్టే హోల్డరు కింద పెట్టేస్తాను. బాగుచెయ్యాలా మార్చాలా అన్న ప్రశ్నకు జవాబు అప్పటికే వచ్చేసినట్టు. ఆ జవాబును కప్పిపెట్టేది పనితనం ఉన్న చెయ్యే. కొత్త ఇంజినీర్లకు ఇది నచ్చదు. "ఏమప్పా, చెయ్యి పోయిందా నీకు?" అంటారు.

"పోయింది సార్," అంటాను. "గొట్టం మార్చండి."