అక్క చూపించిన సినిమా

సీట్ల పిన్ని అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. బస్సు సీట్లకూ, కుంగిపోయిన సోఫాలకూ కొత్త తొడుగులు కుడుతుంది. అరవై దాటినా సరే, లావుపాటి సూది చేతికొచ్చిందంటే ఎంత మొండి రెగ్జిన్ అయినా ఆమె మాట వినాల్సిందే.

విననిది అక్క ఒక్కతే.

పక్క వీధిలో ఉండే అక్క రోజూ పొద్దున్నే వచ్చి, కొట్లో ఉన్న ఒక్క కుర్చీనీ ఆక్రమించి, కుట్టు వంకరపోయిందని చెప్పి వెళ్తుంది. ఈమధ్య కొత్త గోల పట్టుకుంది. ఏదో సినిమా. ఓ అక్క చెల్లెలికి అన్యాయం చేసి, ముసలితనంలో కుమిలిపోయి, చివరికి క్షమించమని అడిగే కథ.

"ఏడ్చి ఏడ్చి నా కళ్ళు వాచిపోయాయే. నువ్వు చూసి తీరాలి."

"నాకు పనుంది."

"ఎప్పుడూ ఆ సోఫాలేనా? వాటికి కాళ్ళున్నాయా, పారిపోవడానికి?"

"ఉన్నాయి. నాలుగేసి."

అక్క పోరు దేనికో పిన్నికి తెలియక కాదు. పదిహేడేళ్ళ వయసులో పిన్నికి నర్సు చదువులో సీటొచ్చింది. పెట్టె కూడా సర్దుకుంది. సరిగ్గా అప్పుడే, మీ అమ్మాయి ఎవడి మోటారు సైకిలు మీదో వెళ్తుంటే చూశామని ఎవరో నాన్న చెవిన వేశారు. ఏ అమ్మాయని నాన్న నిలదీస్తే, అక్క తడుముకోకుండా చెల్లెల్ని చూపించింది. బండెక్కింది అక్కే. చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకున్నా నాన్న నమ్మలేదు. చదువు ఆగింది, పెట్టె అటకెక్కింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మీ పిన్నికి చదువంటే మహా బద్ధకం. సీటొచ్చినా వెళ్ళలేదు" అని అక్క తన పిల్లలకు నవ్వుతూ చెప్పేది. వాళ్ళూ నవ్వేవాళ్ళు. పిన్ని పంటి బిగువున ఊరుకునేది. అసలు నిజం చెప్పాల్సింది అక్క, తను కాదని ఆమె పట్టుదల.

పోరు పడలేక ఒక మధ్యాహ్నం అక్క వెంట సినిమాకి వెళ్ళింది. చివర్లో ఆసుపత్రి మంచం, కిటికీ బయట వాన, పదిమంది కలిసి వాయించే వయొలిన్లు. తెర మీది అక్క సగం మాట అనేలోపే తెర మీది చెల్లెలు ఆమె తల నిమిరేసింది. హాలంతా ముక్కులు చీదుతోంది. పక్కనున్న అక్క పిన్ని చేయి పట్టుకుని నలిపేస్తోంది. పిన్నికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

బస్టాపులో అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత మంచి చెల్లెలో చూశావా? ఎంత పెద్ద మనసు!" అంది.

"అక్క అడిగింది కాబట్టి ఆ పిల్ల క్షమించింది. నువ్వెప్పుడైనా నోరు తెరిచావా?"

"అందుకేగా సినిమాకి తీసుకొచ్చింది!"

"అంటే నీ బదులు ఆవిడ అడిగేసిందా? నీ బదులు ఆవిడే ఏడ్చిందా? ఎంత సుఖంగా ఉందక్కా నీకు!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. అక్క మొహం ఎర్రబడింది.

"అవునే! బండెక్కింది నేనే. నీ పేరు చెప్పింది నేనే. నాన్న చంపేస్తాడని భయమేసింది. ఇప్పుడు చాలా?"

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కాచుకున్న పిన్నికి, తీరా విన్నాక ఒళ్ళు మండిందే తప్ప ఏమీ తేలికపడలేదు.

"నాకు తెలిసిందే నాకు చెప్తావేంటి? మీ పిల్లలకు చెప్పు."

"ఈ వయసులోనా? నా పరువేం కావాలి?"

"నా పరువు ఏమైందో అదే అవుతుంది."

అక్క రెండు వారాలు కొట్టు ఛాయలకు రాలేదు. తర్వాత ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. కొడుకు, కోడలు, కూతురు అందరూ ఉన్నారు. వడ్డన కాగానే అక్క మొదలుపెట్టింది. చెప్పింది, నిజమే. కానీ ఎలా చెప్పిందని! తను ఎంత భయపడిందో, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, మధ్యమధ్యలో సినిమాలో మాటలు కూడా కలిపి చెప్పి, వెక్కివెక్కి ఏడ్చింది. పిల్లలిద్దరూ లేచి, "ఊరుకో అమ్మా, అప్పుడు నువ్వూ చిన్నపిల్లవేగా" అని వీపు నిమిరారు. మంచినీళ్ళు ఆవిడకే, ఓదార్పు ఆవిడకే. పిన్ని కంచం ముందు ఒంటరిగా కూర్చుని, ఇదెక్కడి విడ్డూరమని పెరుగన్నం కసిగా కలుపుతోంది.

కోడలు ఒక్కతే లేవలేదు. ఆమె కాస్త ఇటు జరిగి, "చిన్నత్తయ్యా, నర్సు అయ్యుంటే ఏ వార్డులో పనిచేసేవారు?" అని అడిగింది.

పిన్ని చేయి ఆగిపోయింది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. అయినా జవాబు సిద్ధంగానే ఉంది.

"పురుళ్ళ వార్డు. మొదట పిల్లల్ని ఎత్తుకునేది నర్సే కదమ్మా."

గదిలో ఏడుపు ఆగింది. అక్క తలెత్తి చూసింది. ఈసారి సినిమా మాటలేవీ ఆమె నోటికి రాలేదు.

"నాకు తెలీదే" అంది, వినిపించీ వినిపించనట్టు. "నువ్వెందుకు వెళ్ళాలనుకున్నావో నేనెప్పుడూ అడగలేదు."

"అడగలేదు."

"క్షమించావా?"

"లేదు. ప్రాణం తీయకు. అన్నం తిను" అంది పిన్ని. తిట్టింది గానీ, అక్క కంచంలో ఇంత పెరుగు వేసింది కూడా.