అబ్రహాం మేస్త్రి పదిహేడో మెట్టు

అబ్రహాం మేస్త్రి మొదటి గెలుపు కొత్తకోటలో, హైవే పక్కన ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పోసిన పదిహేను మెట్లు. అది 1979. అంతకుముందు మూడేళ్లు అతని చేతికి తాపీ ఇచ్చినవాడు లేడు. తట్టలు మోసే ఇంట్లో పుట్టినవాడు తట్టే మోయాలని మేస్త్రీలు అనుకునే రోజులవి. అమ్మానాయనలు ఎక్కడెక్కడి డ్యాములకో మట్టిపనికి పోతే, ముసలమ్మ దగ్గర ఉండి పాన్‌గల్ బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. ఆ ఐదు తరగతుల లెక్కలతోనే మెట్టు ఎత్తెంత, వెడల్పెంత అన్నది ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాడు.

పెద్దమేస్త్రి జ్వరపడిన వారంలో ఆ మెట్లు అతని చేతికి వచ్చాయి. కాంక్రీటు పోసిన ఇరవై ఒకటో రోజున సెంట్రింగ్ చెక్కలు ఊడదీయాలి. కింద ఆనించిన గుంజలు తీస్తే మెట్లు నిలుస్తాయో కూలుతాయోనని సేటు పిల్లాజెల్లను బయటికి పంపాడు. కూలివాళ్లు కూడా దూరం జరిగారు. అబ్రహాం మాత్రం మెట్ల కింద గోనెసంచి పరుచుకుని కూర్చుని, జొన్నరొట్టె మూట విప్పాడు.

“గుంజలు గుద్దు బావా,” అన్నాడు, కడ్డీలు వంచే పనివాడు జహంగీర్‌తో. అప్పటికి ఇద్దరికీ ఇరవై నిండలేదు.

“నువ్వు బైటికి రా. కూలితే నీ రొట్టె నేను తినాల్నా?”

“కూలితే తిందువుతీ. గుద్దు!”

ఒక్కొక్క గుంజే పడింది. మెట్లు వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆ రోజు నుంచి అదే అతని పద్ధతి. తాను పోసిన ప్రతి మెట్ల వరుస కిందా, గుంజలు తీసేటప్పుడు తానే కూర్చునేవాడు. గద్వాలలో నూనెమిల్లు మెట్లు, వనపర్తిలో ఒక డాక్టరు ఇంటి గుండ్రటి మెట్లు, నాగర్‌కర్నూలులో బడి మీది అంతస్తుకు మెట్లు, బల్మూర్‌లో చర్చి గంట దాకా ఎక్కే మెట్లు. తర్వాత కట్టుకున్న సొంతింటితో కలిపి మొత్తం నలభై ఒక్క ఇళ్లు, గుళ్లు, దుకాణాలు. ఒక్కదానికీ పగులు రాలేదు. ఈ లెక్క అతని భార్య సత్యమ్మకు కంఠతా వచ్చు. కొత్తకోట ముచ్చటైతే పెళ్లయిన ఏటి నుంచి విని విని, ఆ రొట్టెలోకి ఎన్ని ఉల్లిగడ్డలు కొరికాడో కూడా చెప్పగలదు.

2001లో పాన్‌గల్‌లో సొంత ఇల్లు కట్టాడు. వాళ్ల వాడలో మిద్దె మీద పడుకోవడానికి ఇంకో అర్ర లేచిన మొదటి ఇల్లు అదే. వాకిట్లో నుంచి ఆ అర్రకు తిన్నగా పదహారు మెట్లు. ఏ మెట్టు కొలిచినా ఏడు అంగుళాలే.

చెడిందల్లా అక్కడే. పక్కింటి బాలనాగమ్మ వచ్చి ఒక్కొక్క మెట్టు మీదా కాలు పెడుతూ లాభం, నష్టం, లాభం, నష్టం అని లెక్కపెట్టింది. ఆఖరి మెట్టు నష్టం దగ్గర ఆగింది. ఆ మాట సత్యమ్మ మనసులో ముల్లులా దిగింది.

“ఇంకొక్క మెట్టు పొయ్యి,” అన్నది మొగుడితో.

“ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్తవు, సోమవారం మెట్లకాడ లాభం నష్టం చూస్తవా?” అని నవ్వాడు అబ్రహాం. “ఏడంగుళాల జాగా లేదే ఆడ.”

“ఉన్నంతల్నే పొయ్యి. నా మాట కోసం.”

పోశాడు. గుమ్మం ముందు నాలుగు అంగుళాల పదిహేడో మెట్టు. లెక్క లాభంలో ఆగింది.

ఆరేళ్లు ఎక్కారు, దిగారు. 2007 జులైలో వానలు పడ్డాక, విత్తనపు పల్లికాయ సంచి భుజాన వేసుకుని అబ్రహాం పైనుంచి దిగబోయాడు. కాళ్ల దగ్గర ఏముందో సంచి కనపడనివ్వలేదు. నాలుగు అంగుళాలు దిగిన కాలు, ఆ తర్వాతదీ అంతే అనుకుంది. పొయ్యి దగ్గరున్న సత్యమ్మకు ముందు పల్లికాయలు దొర్లిన చప్పుడు వినిపించింది. తర్వాత మనిషి పడిన చప్పుడు.

హైదరాబాదులో పెద్ద దవాఖాన. వెన్నెముక విరిగింది, నడుము కింద ఇక స్పర్శ రాదన్నారు. దగ్గర అతని తమ్ముడు యేసయ్య ఉన్నాడు. సత్యమ్మ పోతూ వస్తూ ఉంది. సెప్టెంబరు ఆఖరులో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అబ్రహాం రానన్నాడు.

“ఆ ఇంట్ల నా జాగా మీదున్నది. మీదికి ఎట్లెక్కుత? నన్ను మూట లెక్క మోస్తరా?”

“కింద పండుకో,” అన్నది సత్యమ్మ.

“ఏడ? కిందింట్ల పొయ్యికి, సంచులకే జాగ సాలదు. మెట్ల కింద కోళ్లు పండేకాడనా? గీ ఆశ్రమమేదో ఉన్నదంట, ఆడికి పోత. నువ్వు పో.”

అతను కోపంతో అనలేదు. అదే ఆమెను భయపెట్టింది. పడిన రోజు నుంచి పదిహేడో మెట్టు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని బస్సులో వస్తూ అనుకుంది.

ఆశ్రమంలో జాగా దొరికేదాకా అతన్ని వార్డులోనే ఉంచుతామన్నారు. ఊరు చేరిన మర్నాడే ఆమె జహంగీర్‌ను పిలిపించింది. అతను మెట్ల కిందికి వంగి దూరాడు. పాత చెక్కలు, కోళ్ల గంప, రెండు ఇనుప తట్టలు.

“గిట్ల ఏటవాలుంటె మంచం పడ్తది గని మనిషి లేచి కూసోలేడు చెల్లె. తల తగుల్తది.”

“మరెట్ల?”

జహంగీర్ బయటికి వచ్చి మెట్లను కింది నుంచి మీది దాకా చూశాడు. “మెట్లు మలపాలె. పది మెట్లు అటు ఎక్కిచ్చి, నడుమ అరుగు లెక్క చపటా పోసి, ఆరు మెట్లు ఇటు తిప్పితె చపటా కింద ఐదడుగుల ఎత్తు జాగ దొరుకుతది. చక్రాల కుర్చీ తిరుగుతది. ముందరింట్లకెల్లి దర్వాజ కొడ్త. గని దానికి ఇవి మొత్తం పలగ్గొట్టాలె.” మెట్టు మీద చెయ్యి వేశాడు. “వాని చేతి పని. వాన్ని అడిగినవా?”

“అడుగుతె వద్దంటడు. ఆయన కట్టిన మెట్ల మీద నేను కూసొని ఏం చెయ్యాలె అన్నా? మనిషి రాడాయె. కొట్టు.”

నాలుగు రోజులు పట్టింది. సుత్తె పడిన ప్రతిసారీ సత్యమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. పదిహేడో మెట్టు మాత్రం రెండు దెబ్బలకే ఊడి వచ్చింది. దాన్ని తనే తట్టలో ఎత్తి ఊరవతల పారబోసింది.

అక్టోబరు ఇరవై తొమ్మిది, సోమవారం, కొత్త మెట్లు పోశారు. మూడో రోజు యేసయ్య సెల్లుకు ఫోన్ చేసి, అబ్రహాంకు ఇమ్మన్నది.

“మెట్లు పలగ్గొట్టిచ్చిన,” అన్నది, ఇంకేమీ అనకముందే.

అవతల వార్డులో ఎవరో నీళ్లడుగుతున్నారు. ఆ మాట రెండుసార్లు వినిపించింది.

“ఎవలు కొట్టిండ్రు?”

“జహంగీరన్న. నాలుగు దినాలు కొట్టిండు. రెండు సుత్తె కామలు ఇరిగినయి.”

“ఇరగకుంటె ఏమైతయి,” అన్నాడు అబ్రహాం. “కొత్తయి ఎన్ని?”

“పదహారు.”

“నష్టం కాడ ఆగింది గదనే.”

“ఆగనియ్. నేనే ఆడ ఆపుమన్న. ఆనాడు నేను అడగకుంటె నువ్వు పడకపోదువు.”

“అడిగింది నువ్వు. పోసింది నేను. ఏడంగుళాల మెట్లల్ల నాలుగంగుళాల మెట్టు ఏ మేస్త్రన్న పోస్తడా? నీకు తెల్వదు, నాకు తెలుసు. తెలిసే పోసిన. మెట్లకు నీళ్లు పెడుతున్నవా?”

“పొద్దుమాపు. గోనెలు కప్పిన.”

“గుంజల నడుమ కుర్చీ పట్టేటంత సందున్నదా?”

ఎందుకు అడుగుతున్నాడో అర్థమై ఆమె ఫోన్‌ను చెవికి గట్టిగా నొక్కుకుంది.

“సందున్నదా అంటున్న.”

“ఉన్నది.”

“అయితె ఒక్క గుంజ కూడ ఎవ్వర్ని ముట్టనియ్యకు. ఇరవై ఒక్క దినాలు. గుద్దెటప్పుడు కింద నేనుండాలె. నలభై రెండోది అది.”

ఆ మాట చెబితే జహంగీర్ తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. “రొట్టె చేసి పెట్టు చెల్లె,” అన్నాడు.

కోళ్ల గంప బయటికి పోయింది. పై అర్రలో నుంచి అబ్రహాం తాపీ, రసమట్టం, తూకపు గుండు కిందికి వచ్చాయి. ఆ అర్రకు సత్యమ్మ తాళం వేసింది; అతను మళ్లీ చూడని అర్ర అది. కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో గోడకు మూడు మేకులు కొట్టించి, వాటికి పనిముట్లు తగిలించింది. పొద్దునా మాపునా మెట్లకు నీళ్లు పోసి, గుంజలు లెక్కపెట్టుకుంటోంది. తీసుకురావడానికి యేసయ్య జీపు మాట్లాడాడు. సెంట్రింగ్ ఊడదీసేదీ, అబ్రహాం మేస్త్రి ఇంటికి వచ్చేదీ ఒకే రోజు: 2007 నవంబరు 19, సోమవారం.