ఎడమ పురి తాడు

దయ్యాల మాట నేను ఏనాడూ నమ్మలేదు. వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే వేపమండలు పట్టుకుని పరుగెత్తే ఆడవాళ్ళలో నేను లేను. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది ఉద్దానంలో, మూలపేటకు క్రోసెడు దూరంలో, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. నేనూ మా ఆయనా కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేవాళ్ళం. ఎవరి కిందా పని కాదు. పీచు నానబెట్టడం, కొట్టడం, పేనడం, అమ్ముకోవడం అన్నీ మేమిద్దరమే. ఒక ఏడాది గాలివానకు ఇల్లు కూలిపోయి, పాకలోకి చేరాం. మళ్ళీ గోడలు లేపాలని మా ఆయన బారువ రేవులో ఓడెక్కి రంగం వెళ్ళాడు. రంగూన్‌ను మేము అలాగే అనేవాళ్ళం. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసే పని.

అప్పటికే మూలపేట పోలయ్య తాత తన పడవలకు మాఘం నాటికి ఇరవై లంగరు తాళ్ళు కావాలని చెప్పి ఉన్నాడు. ఇద్దరి పని నా ఒక్కదాని మీద పడింది.

కార్తీకం ఎలాగో గడిచింది. మార్గశిరం వచ్చేసరికి చలి బాగా ముదిరింది. పొద్దు పొడిచినా మంచు విడిచేది కాదు. తడి పీచు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. అరచేతులు పగిలి, పీచు ఆ పగుళ్ళలోకి దిగేది. అంతకంటే కష్టం ఏమిటంటే, పాకలో మాట్లాడే మనిషి లేకపోవడం. ఈ వేళ లేవకపోతే అడిగేవాళ్ళెవరు అనిపించేది. అలా లేవని రోజులు కూడా ఉన్నాయి.

ఒకరోజు నిమ్మాడ నుంచి మా అన్న వచ్చాడు. పేనిన తాళ్ళు చూశాడు. అప్పటికి ఆరే అయ్యాయి.

“ఒక్కర్తివీ ఇక్కడేటి సేత్తావే సెల్లీ. పాక మూసీసి మాతో వొచ్చీ. నీ ముద్ద మాకు బరువా?”

బరువు కాదని నాకూ తెలుసు. కానీ ఒకసారి వెళ్ళిపోతే మళ్ళీ ఈ పనిలోకి రాలేనని కూడా తెలుసు. అమావాస్య దాటాక చెబుతానన్నాను. మనసులో మాత్రం సగం మూట కట్టేసుకున్నాను.

అమావాస్య వెళ్ళిన ఐదో రోజు. తెల్లవారి లేచి చూస్తే, కొట్టి పెట్టిన పీచు కుప్ప పక్కన ఒక తాడు చుట్ట ఉంది. విప్పి చేతులు చాచి కొలిచాను. మూడు బారలు. ఆ తాడు నేను పేనలేదు.

అది నా చేతి తాడు కాదని చూడగానే తెలిసింది. మా ఆయనది ఎడమచేతి వాటం. ఆయన పేనితే పురి నా తాడు పురికి ఎదురు తిరుగుతుంది. చుట్టుపక్కల అలా పేనేవాళ్ళు ఇంకొకరు లేరు. ఈ చుట్ట పురి కూడా అటే తిరిగి ఉంది.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఆ రాత్రి తలుపు లోపల గడియ వేసి, గడప దగ్గర పలచగా బూడిద చల్లి పడుకున్నాను. తెల్లారేసరికి బూడిద చెదరలేదు. గడియ వేసినట్టే ఉంది. రెండో చుట్ట మాత్రం వచ్చింది.

నిద్రలో నేనే పేనుతున్నానేమో అన్న అనుమానం కూడా వచ్చింది. పగలు కూర్చుని ఎడమ వాటంగా పేనడానికి చూశాను. మూరెడు కూడా సాగలేదు. వదలగానే విడిపోయింది.

మూడో చుట్ట తీసుకుని పోలయ్య తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని గోటితో గీరి చూసి నవ్వాడు.

“ఇది మీ ఆయన సెయ్యే. ఎప్పుడొచ్చినాడు?”

“రాలేదు తాతా” అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. చుట్ట నా చేతికిచ్చి సముద్రం కేసి చూశాడు. రంగంలో మా ఆయన ప్రాణాలతో ఉన్నాడా అన్న ఆలోచనే మా ఇద్దరికీ వచ్చిందని నాకు అర్థమైంది. మెల్లగా అన్నాడు. “ఏటైందో మనకి తెలీదు. తెలీనిదానికి ఏడవకు. సాయమొచ్చినోడిని పొమ్మనకు.”

మర్నాడు బొట్టు పెట్టుకోవాలా వద్దా అనిపించింది. అయినా పెట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఉదయం భయంతోనే లేచేదాన్ని. కానీ లేచేదాన్ని. చుట్ట కనబడగానే గుండె కుదుటపడేది. పక్కన పీట వేసుకుని కూర్చుంటే, చలి ఉన్నా చేతులు వాటంతట అవే కదిలేవి. ఆయన మూడు బారలకి నేను ముప్పై పేనాలని పంతం పట్టేదాన్ని. అన్న మళ్ళీ వస్తే రానని చెప్పి పంపేశాను.

అలా పదహారు చుట్టలు వచ్చాయి. పదిహేడో ఉదయం పీచు కుప్ప ఎలా ఉన్నదో అలాగే ఉంది. ఆ రోజు ఏడ్చాను. ఏడ్చి, లేచి, పనిలో కూర్చున్నాను. మాఘంలో ఇరవై తాళ్ళూ పోలయ్య తాతకు ఇచ్చాను.

చైత్రంలో మా ఆయన వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు, కానీ ప్రాణాలతో వచ్చాడు. వెంట నందిగాం మనిషి ఒకడు ఉన్నాడు, రంగంలో ఆయన పక్కనే పడుకునేవాడు. అతను చెప్పాడు. “తొమ్మిది రోజులు జొరమమ్మా. ఒంటి మీద తెలివి లేదు. సేతులు మాత్రం ఆపలేదు. తాడు పేనుతున్నట్టు ఒకటే కదపడం.”

నేను విడిగా దాచి ఉంచిన చుట్టలు మా ఆయన చేత్తో తడిమి చూశాడు. “నావే. కల్లో ఈ పాకలోనే ఉన్నాను. నువ్వు లెగిసేలోగా మూడు బారలు పేనీద్దామనిపించేది” అన్నాడు.

జ్వరం ఏ రోజు మొదలైందని నేను అడిగాను. ముక్కోటి ఏకాదశి నాడని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. చివరి తొమ్మిది చుట్టలకీ ఆ రోజులు సరిపోయాయి. మొదటి ఏడు చుట్టల రోజుల్లో మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. పగలంతా బస్తాలు మోసి, రాత్రి కలలు కూడా లేకుండా నిద్రపోయాడు.

“మరి ఆ ఏడూ ఎవులు పేనినట్టు?” అన్నాను.

ఆయన చుట్టలు పక్కన పెట్టి, “ఎవులైతేనేటి, నువ్వు నిలబడ్డావు గదా” అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరం కలిసి పేనాం. చలి మొదలైన రోజుల్లో తెల్లవారి లేవగానే ఒక దండం పెట్టుకుంటాను. ఎవరికో తెలియదు. సముద్రం వైపు తిరిగి పెడతాను.