పొంగిన పాలలో కలిపిన పొడి

ఆ పది నెలలూ నేను ఒక్కసారి కూడా బయట కూర్చోలేదు. మాది విజయనగరం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబం. క్వార్టర్ చిన్నదే అయినా అత్తగారి ఆచారానికి అందులో చోటు చాలానే ఉంది. నెలకు మూడు రోజులు వరండాలో చాప, వేరే కంచం, వేరే గ్లాసు. పూజగదినీ పెరుగు గిన్నెనూ ముట్టకూడదు. అలాంటి ఇంట్లో ఆడదాని సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండో నెల కూడా వరండాలో చాప పడకపోయేసరికి పక్క క్వార్టర్ పిన్నిగారి చూపు నా పొట్ట మీద పడింది. ఆ పొట్ట నాలుగు మెతుకులు తిన్నా డోలులా ఉబ్బేది.

"ఏటమ్మా, విశేషమా?" అని ఆవిడ అడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోపే అత్తగారు చలిమిడి చేసి, దేవుడికి చూపించి, నాలుగిళ్లకు పంచేశారు. పరీక్ష చేయిస్తే ఏమీ లేదని తేలింది.

"గేస్‌కీ కడుపుకీ తేడా తెలీలేదు నాకు," అన్నారు అత్తగారు. ఆ మాటకు నేనూ నవ్వాను కానీ, స్నానానికి వెళ్లి ఏడ్చాను.

పెళ్లయి నాలుగేళ్లు. బిడ్డ కావాలని అడిగే ధైర్యం కూడా అప్పటికి పోయింది. 'ఒక్కసారి బయట కూర్చుంటే చాలు తల్లీ' అని రోజూ దీపం ముందు వేడుకునేదాన్ని. పూజగదిలో కూర్చుని, పూజగదికి నన్ను దూరం చేసేదాన్నే కోరుకుంటున్నానని నాకు తెలుసు. అయినా అదే అడిగాను.

చివరికి మా వారు పండరీ బజారులో, బట్టల కొట్ల పైఅంతస్తులో ఉన్న ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ స్కాన్ తీసి, అండాశయాల్లో చిన్న చిన్న బుడగల్లాంటివి చూపించింది. దీన్ని పీసీఓఎస్ అంటారనీ, చాలామంది ఆడపిల్లల్లో ఉంటుందనీ హిందీలో నెమ్మదిగా చెప్పింది. మాత్రలు రాసింది. రోజూ నడవమంది, తీపీ తెల్లన్నం తగ్గించమంది. పొట్ట ఉబ్బరానికి పొడి పొట్లాలు ఇచ్చి రోజుకొకటి వేసుకోమంది. ఇంకా ఏదో చెప్పింది కానీ నా కళ్లూ చెవులూ ఆ బుడగల బొమ్మ దగ్గరే ఆగిపోయాయి.

మా ఇంట్లో బయటి నుంచి ఏ మందు వచ్చినా దానికి ఒక పద్ధతి ఉంది. పాలు పొంగగానే దించి, అందులో మందు కలిపి, దేవుడికి చూపించి, ఆ వేడి మీదే తాగాలి. పొంగిన పాలకు మైల ఉండదని అత్తగారి నమ్మకం. నెల రోజులు ఒక్క పూట తప్పకుండా అలాగే తాగాను. ఉబ్బరం అలాగే ఉంది. వరండా ఖాళీగానే ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ పొడి ఎలా తీసుకుంటున్నావని అడిగింది. భక్తిగా చేసిన పని కదా, కాస్త గొప్పగానే చెప్పాను.

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "అరే బాబా! నెలంతా వాటిని ఉడకబెట్టి తాగావా? అందులో ఉన్నవి ప్రాణం ఉన్న సూక్ష్మజీవులమ్మా. ఇంట్లో పెరుగు ఎవరు తోడు పెడతారు?"

"నేనేనండీ."

"పొంగే పాలలో తోడు వేస్తావా?"

పన్నెండో ఏట నుంచీ చిటికెన వేలు పాలలో ముంచి, కాలకుండా వెచ్చగా తగిలితేనే తోడు వేసినదాన్ని. నా వేలికి తెలిసిన సంగతి నాకు తెలియలేదు.

"దీంతోనే అంతా సర్దుకుంటుందని అనుకోకు," అని కూడా ఆవిడ అంది. "కడుపు బాగుంటే మిగతావాటికీ సాయమవుతుందేమో అని ఇంకా పరిశోధిస్తున్నారు. మాత్రలూ నడకా మానొద్దు."

ఇంటికొచ్చి చెబితే అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "అన్ని ప్రాణాల్ని ఉడకబెట్టీసామా? శుక్రవారాలు కూడానా?"

"నాకు తెలీదు కదా అత్తయ్యా!"

"నాకు మాత్రం తెలుసేటి? దేవుడికి కూడా చూపించీసాం!"

నేను బడికి వెళ్లలేదు. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. కంటికి కనపడనంత చిన్న దానిలోనూ భగవంతుడుంటాడని ఆయన అంటే, పెద్దవాళ్లు అనే మాటే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం పెరుగు గిన్నె ముందు కూర్చుంటే ఒళ్లు జలదరించింది. ఆ తోడు అత్తగారు కొత్తకోడలిగా వస్తూ పుట్టింటి నుంచి స్టీలు క్యానులో పోసి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చినది. డిసెంబరు చలికి బియ్యం డబ్బాలో దుప్పటి చుట్టి పెట్టాం. మే నెలలో నీళ్ల కుండ పక్కన దాచాం. ఇన్నేళ్లలో అది ఒక్కరోజూ చావలేదు. పెరుగు నేను చేస్తున్నాననే ఇంతకాలం అనుకున్నాను. చేసేది వాళ్లు. నేను కాస్త వెచ్చని చోటు చూపించానంతే. డాక్టరమ్మ లెక్క ప్రకారం ఈ రాయపూర్ జనం కంటే ఎక్కువ ప్రాణులు నా కడుపులోనే కాపురం ఉన్నాయట! ఒంటరిగా ఏడుస్తున్నాననుకున్న రోజుల్లో కూడా నేను ఒంటరిని కానట. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక కళ్లు మూసుకుని కూర్చుండిపోయాను.

మర్నాటి నుంచి పొడి చల్లని మజ్జిగలో కలిపాను. అత్తగారు ఆ గ్లాసును దేవుడి ముందు పెట్టి, "స్వామీ, ఇవాళ బతికే ఉన్నాయి," అని విన్నవించేవారు. పొద్దున్నే రైల్వే గ్రౌండు చుట్టూ ఇద్దరం నడిచేవాళ్లం. పరమాన్నం నైవేద్యం పెట్టిన రోజు, "నువ్వు వాసన చూడు, తినడం నేను చూసుకుంటాను," అనేవారు.

ముందు ఉబ్బరం తగ్గింది. మిగతాది అంత తొందరగా రాలేదు. రెండు నెలలు గడిచాయి, మూడోదీ సగమైంది. దీపం ముందు అడగడం మానలేదు.

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం. పీట మీద కలశం పెట్టి, పూలు సర్ది, ఒత్తి నూనెలో ముంచుతున్నాను. నడుములో సన్నగా నొప్పి మొదలైంది. లేచి వెళ్లి చూసుకుని వచ్చాను. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

"అత్తయ్యా, దీపం మీరే పెట్టాలి."

"ఇప్పుడేటి..." అంటూ విసుగ్గా తిరిగి, నా మొహం చూసి ఆగిపోయారు. సరిగ్గా పూజ వేళకా అని కసురుతారేమో అనుకున్నాను. ఆవిడ పసుపు చేతుల్తోనే కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మవారు వొచ్చీసిందే," అన్నారు. "ఎల్లు, ఎల్లి కూర్చో. నేను చూసుకుంటాను."

వరండాలో చాప పరుచుకున్నాను. లోపల గంట మోగింది. పిన్నిగారు తన గుమ్మంలోంచి నన్ను చూసి ఏమీ అడగకుండా నవ్వింది. నేను గోడకు ఆనుకుని, పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని, ఆ నొప్పికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో లెక్క లేదు.